వాన పడితేనే వేడినీళ్ళు

ఒక పీపా నీళ్ళు కాగాలంటే హీట్ పంపుకి మూడొందల క్యాట్ల ఖరీదు కరెంటు. అదే పీపా గ్యాస్ బాయిలరు మీద కాగాలంటే ఏడొందలు. ఈ లెక్క శాంతమ్మ తమ్ముడు జెర్రీ రెండేళ్ళ కిందట మిషను బిగించిన రోజున బొగ్గుముక్కతో గోడమీద రాశాడు. తరవాత గ్యాసు ధర పెరిగినప్పుడల్లా శాంతమ్మ తడిచేత్తో పాత అంకె చెరిపి కొత్తది వేస్తూ వచ్చింది. ఇప్పుడక్కడ పదిహేడొందలుంది. మూడొందల అంకె మాత్రం రాసింది రాసినట్టే ఉంది.

ఉండి ఏం లాభం? శాంతమ్మ కాలుస్తున్నది గ్యాసే.

ఆ పొద్దున కూడా సిలిండరు ఒరగదీసి, కుదిపి, అడుగున ఎంత మిగిలిందో చెవి ఒగ్గి విని, పెదవి విరిచి బాయిలరు ముట్టించింది. మంట పసుపు తిరిగి, తడబడి, మళ్ళీ నీలంగా నిలబడింది. వెనక సందు గోడకి ఇనప బ్రాకెట్ల మీద హీట్ పంపు పాత టార్పాలిన్ కప్పుకుని పెళ్ళివారింట్లో అలిగిన చుట్టంలా కూర్చుని ఉంది. "గాలిలో ఉన్న వేడినే పీల్చి నీళ్ళకిస్తాదక్కా. కరెంటు ఒక్కపాలైతే వేడి మూడుపాళ్ళు. రంగూన్‌లో వేడికేటి లోటు?" అన్నాడు జెర్రీ అప్పట్లో. వేడికి లోటు లేదు. మెయిన్ స్విచ్ ఎత్తే ధైర్యానికే లోటు.

పెరటి తొట్టి దగ్గర కూతురు సిరి దుప్పట్లు తడుపుతోంది. చౌక్తడా పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి దుప్పట్లవి. నెత్తురు మరకలున్నవి ముందు చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాలి. వేడినీళ్ళు తగిలిందా, మరక గుడ్డకి పట్టేసి జన్మలో వదలదు. అది వదిలాక సోడా వేసిన మరిగే నీళ్ళలో ఉతకాలి. ఈ సంగతి సిరికి ఎవరూ నేర్పక్కర్లేదు. సర్కారు ఆసుపత్రిలో మూడేళ్ళు నర్సుగా చేసింది. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కినప్పుడు, వాళ్ళ కింద పనిచేసేది లేదని వార్డు వదిలి బయటికి నడిచినవాళ్ళలో అదీ ఒకతె. అప్పట్నుంచి ఈ పెరటి గుమ్మం దాటి బయటికి రాలేదు. పేటాఫీసులో పట్టుకోవలసినవాళ్ళ జాబితాలో దాని పేరుందని అందరికీ తెలుసు, దానికీ తెలుసు.

"గ్యాసు ఎన్నాళ్ళొస్తాదమ్మా?" అంది తలెత్తకుండా.

"వొచ్చినన్నాళ్ళు వొస్తాది."

"మనం కరెంటు బిల్లు కట్టకపోడం మంచిదే. ఆ డబ్బులు తూటాలకి పోకుండా ఉంటాయి గదా." సిరి దుప్పటిని నాలుగు మడతలు వేసి పిండింది. దాని వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడుతోంది. "నాకైతే చన్నీళ్ళే బాగున్నాయి."

శాంతమ్మ బాయిలరు వైపు తిరిగింది. సిరికి తెలియని సంగతి ఒకటుంది. శాంతమ్మ ఆ బిల్లు కట్టేసి వారమైంది.

పబేడాన్‌ పేటలో శాంతమ్మ ఉన్న సందులో ఇటూ అటూ ఉన్నవి దాదాపు అన్నీ తెలుగు కొంపలే. సగం బాప్టిస్టులు, సగం గంజాం నుంచి వచ్చిన హిందువులు. సైన్యం చేతికి డబ్బు పోకూడదని ఊరంతా కరెంటు బిల్లు మానేసినప్పుడు వాళ్ళూ మానేశారు. ఊళ్ళో తక్కినవాళ్ళు బిల్లు మానేసి దీపాలు వేసుకున్నారు, ఫాన్లు తిప్పుకున్నారు. ఈ సందువాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. కిళ్ళీకొట్టు నరసింహం గారు మెట్టుమీద నిలబడి చెప్పిన మాట అది. "మనల్ని ఇప్పటికీ కలా అంటారు, పరాయోల్లంటారు. బిల్లు కట్టకుండా వాడుకున్నావనుకో, రేపు కలావోల్లు దొంగకరెంటు తిన్నారంటారు. మనకొద్దా మాట. కట్టొద్దు, వాడొద్దు. మెయిన్లు దించీయండి." అందరికీ రోషం వచ్చింది. తాతలనాటి నుంచి పడుతున్న మాట కదా. ఆ సాయంత్రమే మెయిన్లన్నీ దించేశారు. కొవ్వొత్తులు, కిరసనాయిలు బుడ్డీలు వచ్చాయి. గర్వంగానే ఉండేది మొదట్లో. తరవాత వానాకాలం వచ్చింది, ఉక్కపోత వచ్చింది, జ్వరాలు వచ్చాయి. పైకి మాత్రం ఎవరూ గర్వం దించలేదు.

తరవాత పక్క పేటల్లో కరెంటాఫీసు మనుషులతో కలిసి సైనికులు రావడం మొదలైంది. బిల్లు కట్టని ఇంట్లోకి చొరబడి మంచాల కింద కూడా వెతుకుతున్నారని కబురు తెచ్చింది జెర్రీయే. వాడు ఊరి చివర, మింగళాడోన్ పక్కన ఏసీలు బాగుచేస్తాడు. ఆ పూటే శాంతమ్మ ముక్కుపుడక తీసి వాడి చేతిలో పెట్టింది. "ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా సిరికి," అంది. వాడు అది అమ్మి, వాళ్ళ వైపునున్న ఒక కరెంటాఫీసులో బిల్లు కట్టి వచ్చాడు.

కట్టాక మెయిన్ ఎత్తొచ్చు. కానీ ఎలా ఎత్తుతుంది? దీపం వేస్తే కనపడుతుంది. దీపం వేయకపోయినా మిషను ఫాను తిరిగితే సందు సందంతా వినపడుతుంది. అందుకే కరెంటుకీ కట్టి, గ్యాసుకీ కట్టి, రెండువైపులా కాలుతోంది శాంతమ్మ.

*

పదిగంటలకి సైకిలు మీద గ్యాసు కుర్రాడు వచ్చాడు కాని, సిలిండరు దించలేదు. గ్యాసు వీశె ధర మళ్ళీ పెరిగిందన్నాడు, పాత ధరకైతే సరుకు లేదన్నాడు, కొత్త ధరకైనా ఎల్లుండి గాని రాదన్నాడు. శాంతమ్మ గోడ దగ్గరికి వెళ్ళి తడిచెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసింది. ఎన్నిసార్లు చెరుపుతుంది, గోడ సున్నం ఊడుతోంది.

ఎల్లుండి అంటే గురువారం. ఆసుపత్రివాళ్ళకి దుప్పట్లు గురువారం పొద్దున్నే కావాలి. లెక్కల మేనేజరమ్మ మూట విప్పి ప్రతి దుప్పటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. పోయినసారి రెండు దుప్పట్లు పక్కన పడేసి, "శాంతగారూ, ఇవి వేడినీళ్ళు చూడలేదు. ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్ళున్నారు," అంది బర్మీసులో, చల్లగా. ఆ దుప్పట్లే ఈ ఇంటికి అన్నం. సిరి జీతం పోయాక అవి తప్ప ఇంకేమీ లేదు.

శాంతమ్మ ఉప్పు కొనడానికి సందు మొదట్లోకి వెళ్ళింది. కిళ్ళీకొట్టు దగ్గర శంకరరావు నిలబడి ఉన్నాడు. సందులో మొదటి ఇల్లు ఆయనది. దర్జీ పని. కుట్టుమిషను కాలితో తొక్కుతాడు కనక కరెంటు లేకపోయినా తనకేమీ నష్టం లేదని రోజుకొకసారైనా అనకుండా ఉండడు.

"నా ఇంట్లో ఆ మెయిన్ దించింది దించినట్టే ఉంది సూడు, బూజు పట్టీసింది," అంటున్నాడు. "నా పానం పోయినా ఒక్క క్యాటు కట్టనని సెప్పీసినాను మా ఆవిడికి. కట్టినోడు మనిసి గాడు."

నరసింహం గారు తమలపాకు వెనకవైపు సున్నం రాస్తూ ముసిముసిగా నవ్వారు. డెబ్బై దాటిన మనిషి. కళ్ళకి పొర వచ్చింది, చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తారు. కాని పగలు ఆయన వేళ్ళకి కళ్ళక్కర్లేదు. వక్క, సున్నం, జర్దా ఏది ఏ డబ్బాలో ఉందో చూడకుండా తీస్తారు.

"పానం మీదకి ఎందుకులే శంకరా," అన్నారు. "ఏటమ్మా శాంతా, గ్యాసు దొరికిందా?"

"నేదు బాబాయి. ఎల్లుండంట."

"మరి పని?"

"ఎలగో ఒకలాగ."

శంకరరావు జాలిగా తల ఊపాడు. "నీదే అసలు త్యాగం శాంతమ్మా. అంత కరీదు మిషను ఎట్టుకుని ముట్టుకోకుండా ఉన్నావు. సందుకంతా నువ్వే గొప్ప."

శాంతమ్మ ఉప్పు పొట్లం పట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ మెప్పు కంటే శంకరరావు తిట్టినా బాగుండేది.

*

బుధవారం మధ్యాహ్నానికి సిలిండరు పూర్తిగా చచ్చింది. సోడా వేసిన తొట్టిలో దుప్పట్లు సగం ఉడికీ ఉడకకుండా ఉన్నాయి. కట్టెలు పెడదామంటే ఇరుకు సందు, పొగ వస్తే పైవాటాల వాళ్ళు అరుస్తారు. బొగ్గు కొనడానికి చేతిలో లేదు. శాంతమ్మ మెట్టుమీద కూర్చుని ఆకాశం చూసింది. వానాకాలం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఆఖరి మబ్బులు పంపింది. నల్లగా, బరువుగా, బస్సుల హారన్లకి కూడా అందేంత కిందకి దిగాయి.

వాన పడితే?

ఆ ఆలోచన రాగానే తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా లేచింది. "సిరీ, పైన అటక మీద ఎండినయ్యి మడతెట్టు, వానొస్తంది," అని దాన్ని పైకి తోలింది. వెనక సందులోకి వెళ్ళి టార్పాలిన్ తాళ్ళు విప్పింది. మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి. ఇంకాస్త. ఇంకాస్త పెద్దగా. ఒక్కసారి గుప్పెళ్ళతో గులకరాళ్ళు విసిరినట్టు వాన రేకులన్నిటి మీదా విరుచుకుపడింది. పక్కన మనిషి అరిచినా వినపడదు. శాంతమ్మ పరుగెత్తి మెయిన్ ఎత్తింది, మిషను స్విచ్ వేసింది.

హీట్ పంపు ఒకసారి ఒళ్ళు దులుపుకుంది. ఫాను తిరిగింది. దాని ముందు చెయ్యి పెట్టింది. చల్లటి గాలి. నీళ్ళకి వేడిచ్చేసి వదిలిన గాలి. అరగంట గడిచేసరికి గొట్టం వేడెక్కింది. చేయి కాలేదాకా గొట్టం మీద పెట్టి అలాగే ఉంచింది. ఎంత హాయిగా ఉంది. ఏడుపొచ్చింది.

బకెట్ల మీద బకెట్లు పట్టింది. తొట్టి నిండింది. దుప్పట్లు కర్రతో తిప్పుతోంది. ఆవిరి మొహానికి కొడుతోంది, సోడా వాసన గొంతులోకి దిగుతోంది. అంత పనిలో పడి వాన సన్నబడ్డ సంగతి గమనించలేదు. రంగూన్ వాన వచ్చినట్టే పోతుంది, చెప్పా పెట్టకుండా. రేకుల మీద చప్పుడు తెగింది. తూముల్లో నీళ్ళ గలగల మిగిలింది. ఆ గలగల మీద మిషను రొద ఒక్కటే, సందు నిండా.

చేతిలో కర్ర వదిలేసి పరుగున వెళ్ళి మెయిన్ దించింది. వెనక్కి తిరిగేసరికి పెరటి గుమ్మంలో నరసింహం గారు గొడుగు మడుస్తూ నిలబడి ఉన్నారు. చంకలో కాగితం చుట్టిన పొట్లం.

"ఏటమ్మా ఆ రొద?"

"బాయిలరు బాబాయి. గాలి పట్టేసింది."

"ఓహో."

ఆయన పొర కమ్మిన కళ్ళు తొట్టి మీదకి వెళ్ళాయి. పొగలు కక్కుతోంది తొట్టి. పక్కనే గ్యాసు సిలిండరు పక్కకి పడిపోయి, పైన మూత కూడా లేకుండా ఉంది. ఫాను ఇంకా ఆగీ ఆగక, రెక్కలు ఒకటొకటి లెక్కపెట్టొచ్చన్నంత నెమ్మదిగా తిరుగుతోంది.

"తెల్ల చొక్కా," అన్నారు పొట్లం అందిస్తూ. "కాలరు మురికి పట్టీసింది. నెమ్మదిగా ఉతుకు, తొందరేటీ నేదు." తిరిగి వెళ్ళబోతూ ఆగారు. "సిరి బుల్లి బాగుందా?"

"ఉంది బాబాయి. పైన ఉంది."

"జాగ్రత్తగా సూసుకో అమ్మా. ఆడపిల్ల," అని, గోడ పట్టుకుని మెట్టు దిగారు.

ఆయన వెళ్ళాక చాలాసేపు శాంతమ్మ ఆ చొక్కా పొట్లం పట్టుకుని నిలబడింది. ఆయన కనిపెట్టాడా, లేదా? కనిపెడితే ఈపాటికి శంకరరావుకి చేరిపోయి ఉంటుంది. రేపు పొద్దున్న తన గుమ్మం ముందు ఎవరూ మంచినీళ్ళకి కూడా ఆగరు. బాప్టిస్టు చర్చిలో తన పక్కన బల్లమీద ఎవరూ కూర్చోరు. అన్నిటికంటే, సిరి మొహం.

చీకటి పడేవేళకి జెర్రీ వచ్చాడు, చెమటలు కక్కుతూ. లోపలికి వచ్చి తలుపు వేశాడు.

"రేపు కరెంటాఫీసోల్లు మన వైపొస్తన్నారక్కా. నిచ్చెన బండి, ఎనక సోల్జర్లు. కట్టనోల్ల వైరు తెంపీసి మీటరు పట్టుకుపోతారు. నీకేటి బయం నేదు, నీ ఇంటికి రారు."

"అదే గదరా బయం!" గొంతు తగ్గించింది. పైన సిరి అడుగుల చప్పుడు. "అందరివీ తెంపి నాదొక్కటే వొదిలీస్తే ఏటవుతాది? సందంతా నా మొకం మీద ఉమ్ముతాది. ఒరే, నువ్వే నా వైరు తెంపీరా. ఇప్పుడే. ఆల్లే తెంపీసినారనుకుంటారు."

జెర్రీ అక్క వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కట్టి, వాడకుండా ఉండి, ఇప్పుడు వైరు కూడా నువ్వే తెంపించుకుంటావా? తెంపితే దొంగతనం కేసెడతారు. ఇల్లు సోదా చేస్తారు. సిరిని ఎక్కడ దాస్తావు?"

శాంతమ్మ గోడమీది అంకెల వైపు చూసింది.

"ఆ గోడమీద లెక్క తప్పక్కా," అన్నాడు జెర్రీ విసుగ్గా. "మిషనుకి మూడొందలు, గ్యాసుకి పదిహేడొందలు అని రాసుకున్నాం. మిషను ఆపుకుని ఉండటానికి ఎంతవుతాదో రాసుకోనేదు."

*

గురువారం తెల్లవారగానే దుప్పట్ల మూట జెర్రీ స్కూటరు మీద ఆసుపత్రికి వెళ్ళిపోయింది. నిన్నటి వాన పుణ్యమా అని అన్నీ వేడినీళ్ళు చూసినవే. శాంతమ్మ ముంగిట్లో నిలబడి అవసరం లేకపోయినా మెట్టు కడుగుతోంది. బండి వచ్చింది.

నీలం రంగు చిన్న లారీ. పైన వెదురు నిచ్చెన. చొక్కా ఇస్త్రీ లేని ఇద్దరు లైనుమన్లు దిగారు, వెనక తుపాకులతో నలుగురు. లైనుమన్ల మొహాలు చూస్తే వాళ్ళూ ఏదో తప్పనిసరై వచ్చినట్టే ఉంది. సందులో తలుపులు ఒకటొకటి తెరుచుకున్నాయి. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

శంకరరావు ఇల్లు మొదటిది. ఆయన ముందే లుంగీ బిగించి, చేతులు కట్టుకుని, తెంపుకోండి అన్నట్టు నిలబడ్డాడు. లైనుమన్ ఆయన తలుపు మీద నంబరు చూశాడు. నడిచి ముందుకి వెళ్ళిపోయాడు.

శంకరరావు గొంతు సవరించుకున్నాడు. "మాది... మాది తరవాత సూస్తారేమో," అన్నాడు ఎవరితోనో.

రెండో ఇంటి దగ్గర కూడా నిచ్చెన ఆగలేదు. మూడో ఇల్లు దాసు వాళ్ళది. చంటిపిల్లని ఎత్తుకుని దాసు పెళ్ళాం తల దించుకుంది. నిచ్చెన ఆగలేదు. ఎదురు వరస. ఆగలేదు. నాలుగు వారాలుగా చీకట్లో దగ్గుకుంటూ పడుకున్న ధర్మారావు గుమ్మం. ఆగలేదు. శాంతమ్మ చేతిలో చీపురు మెట్టుమీద అలాగే ఉండిపోయింది. లైనుమన్ ఆమె ఇంటి నంబరు కూడా చూసి, ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, దాటిపోయాడు.

అప్పుడు అర్థమైంది. ఒక్కసారే, అందరికీ. అందరూ కట్టేశారు. ఎవరికి వారు, ఏ చుట్టం చేతో, ఏ దూరపు ఆఫీసులోనో కట్టేసి వచ్చి, ఒకరికి తెలియకుండా ఒకరు చీకట్లో కూర్చున్నారు. ఉక్కపోతలో పిల్లల్ని విసనకర్రలతో విసురుకుంటూ, పాలు విరగ్గొట్టుకుంటూ, ఎదుటివాడు నిజాయితీగా ఉన్నాడని భయపడి కూర్చున్నారు.

నిచ్చెన నరసింహం గారి ఇంటి దగ్గర ఆగింది.

ఆయన తెల్ల చొక్కా శాంతమ్మ దగ్గరే ఉంది, అందుకని బనీను మీదే వచ్చారు. తుపాకీ ఉన్నవాడొకడు బిల్లు ఎందుకు కట్టలేదని అడిగాడు. ఆయన మంచి బర్మీసులో, వయసులో చిన్నవాడితో మాట్లాడినట్టు శాంతంగా చెప్పారు. "వాడలేదు బాబూ, అందుకే కట్టలేదు. దొంగకరెంటు తినలేదు. కావాలంటే మీటరు చూసుకోండి." లైనుమన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మీటరు చూపించారు. ఫిబ్రవరిలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది ముల్లు. ఆయన మొహంలో, ఆ పిచ్చిమనిషి మొహంలో, ఎంత తృప్తో. నేను దొంగని కాను, చూశారా అని.

తుపాకీవాడు లోపలికి వంగి మీటరు చూశాడు. ఇంకొకడిని పిలిచి చూపించాడు. వాళ్ళలో పెద్దవాడు వచ్చి నిలదీశాడు. ఇన్ని నెలలు ఒక్క యూనిట్టు కూడా వాడలేదంటే మాటలా? డబ్బుల్లేక కట్టనివాడు వేరు. దొంగతనంగా వాడుకునేవాడు వేరు. వాళ్ళకి జరిమానా వేస్తారు, వదిలేస్తారు. వీడు కావాలని చీకట్లో కూర్చున్నాడు. ఎవరు చెప్పారు నీకు? ఎవరెవరున్నారు?

"నానే సెప్పుకున్నాను," అన్నారు నరసింహం గారు, ఈసారి తెలుగులో. తరవాత గుర్తొచ్చి బర్మీసులో మళ్ళీ చెప్పారు. "నేనే. ఇంకెవరూ లేరు."

మీటరు ఊడదీశారు. వైరు తెంపారు. ఆయన రెండు చేతులూ వెనక్కి విరిచి బండి ఎక్కించారు. మెట్టు ఎత్తుగా ఉండి కాలు జారితే లైనుమనే నడుం పట్టి పైకి లేపాడు. ఆయన భార్య చిలకమ్మ చెప్పులు తీసుకుని బండి వెనక నాలుగడుగులు పరుగెత్తింది. బండి ఆగలేదు. చెప్పులు చేతిలోనే ఉండిపోయాయి.

శంకరరావు చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాడు. శాంతమ్మ లోపలికి వచ్చి తలుపు వేసుకునేసరికి సిరి పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నిచ్చెన చప్పుడు మన గుమ్మం కాడ ఆగనేదు," అంది.

శాంతమ్మ చీపురు మూల పెట్టింది.

"ఎప్పుడు కట్టినావు?"

"నీకోసమే, తల్లీ. సోదా కొస్తే..."

"నాను అడిగినానా?" సిరి గొంతు పెద్దది కాలేదు. అరిచినా బాగుండేది. "నిన్న వానలో ఏడినీళ్ళు... అందుకేనా నన్ను అటకెక్కించినావు?" వెళ్ళి తొట్టి దగ్గర చతికిలబడింది.

*

నరసింహం గారి కోసం పేటాఫీసుకి వెళ్ళిన జెర్రీ సాయంత్రం దాకా నిలబడి, కనుక్కునే దిక్కు లేక తిరిగి వచ్చాడు. ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్పరట. రేపు రమ్మన్నారట.

సందులో చీకటి పడుతోంది. చిలకమ్మ తన మెట్టుమీద కూర్చుంది, ఒళ్ళో చెప్పులు. ఒకరొకరు వచ్చారు. దాసు పెళ్ళాం అన్నం గిన్నె తెచ్చింది. ధర్మారావు దగ్గుకుంటూ వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. శంకరరావు కొవ్వొత్తి తెచ్చి వెలిగించబోయాడు. అగ్గిపుల్లలు ఒకటొకటిగా విరిగిపోతున్నాయి. శాంతమ్మ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు చిలకమ్మ, ఇవ్వనూ లేదు.

"అదెందుకు శంకరా, కొవ్వొత్తి," అంది. "లైట్లెయ్యండి."

ఎవరూ కదల్లేదు.

"ఆయనకి సీకటి పడితే కళ్ళానవు. ఇడిచిపెడితే సందు మొదట్లోనే దించీసి పోతారు. అంత సీకట్లో ఇల్లెలగ తెలుస్తాది? మీ అందరికీ ఉంది గదా కరెంటు. ఎయ్యండి."

"పిన్నీ..." అంది శాంతమ్మ. "మేము..."

"నాకు తెలుసే. ఆయనకీ తెలుసు." చిలకమ్మ చెప్పుల మీద దుమ్ము తన చీర చెంగుతో తుడిచింది. "నిన్న వానలో మీ మిషను రొద ఇని వొచ్చినాడు. శాంత కట్టీసింది, మంచి పని చేసింది, ఇంట్లో ఆడపిల్లుంది అన్నాడు. శంకరం కట్టీసినాడని పెళ్ళాం మొకం సూస్తేనే తెలిసిపోనాది అన్నాడు. మరి మనమూ కట్టీద్దాం అన్నాను. అందరికీ సెప్పింది నానే, ఇప్పుడు నానే కట్టీస్తే ఆల్లకి మొకం ఎలగ సూపిస్తాను అన్నాడు." చెప్పులు ఒళ్ళో సరిగ్గా పెట్టుకుని అంది, "మీ మొకం సూడ్డానికి బయపడిపోనాడు పిచ్చోడు."

శంకరరావు మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

చిలకమ్మే మళ్ళీ అంది, "లెగండి. సీకటి పడిపోతంది."

ముందు దాసు పెళ్ళాం లేచింది. వాళ్ళ కిటికీలో ట్యూబులైటు రెండుసార్లు మిటకరించి వెలిగింది. తరవాత ఎదురిల్లు. తరవాత పైవాటా. తరవాత శంకరరావు ఇల్లు. ఎన్ని నెలలైందో, ఆ వెలుగులో ఒకరి మొహాలొకరికి కొత్తగా, వికారంగా కనపడ్డాయి. సందు మొదట్నుంచి చివరిదాకా ప్రతి కిటికీ వెలుగుతోంది, మధ్యలో నల్లగా ఆ ఒక్క ఇల్లు తప్ప.

శాంతమ్మ ఇంట్లోకి వచ్చి మెయిన్ ఎత్తింది. దీపంతో పాటు వెనక సందులో మిషను కూడా అందుకుంది. ముందురోజు కంగారులో మెయిన్ దించిందే కాని, మిషను స్విచ్ ఆపనే లేదు. రొద సందంతా పాకింది. ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకెవరికి దాచాలి?

కాసేపటికి గొట్టం వేడెక్కింది. పీపా నిండింది. గోడమీద మూడొందల అంకె దీపం వెలుగులో శుభ్రంగా కనపడుతోంది.

తొట్టి దగ్గర సిరి నరసింహం గారి తెల్ల చొక్కా తడిపింది. కాలరు రెండు చేతుల మధ్యా పెట్టి రుద్దుతోంది. శాంతమ్మ బకెట్టు నిండా వేడినీళ్ళు తెచ్చి దాని పక్కన పెట్టింది. ఆవిరి పైకి లేస్తోంది.

"కాలరు మురికి చన్నీళ్ళకి పోదే," అంది మెల్లగా.

"తెలుసు," అంది సిరి. బకెట్టుని మోచేత్తో పక్కకి జరిపి, చన్నీళ్ళలోనే రుద్దుతూ ఉండిపోయింది.